తగలబెట్టాలా, పులియబెట్టాలా? చెత్త నుంచి ఇంధనంలో ఏది మేలు

పురపాలక సంఘాల చెత్త నుంచి ఇంధనం తీయడానికి మన నగరాల ముందు మూడు దారులున్నాయి. చెత్తను కొలిమిలో మండించి, ఆ వేడితో పుట్టిన ఆవిరితో కరెంటు తీయడం మొదటిది. తడి చెత్తను గాలి చొరబడని ట్యాంకుల్లో పులియబెట్టి గ్యాసు తీయడం రెండోది. ఏళ్ల తరబడి పేరుకుపోయిన గుట్టలకు మూత వేసి, లోపల పుట్టే వాయువును గొట్టాలతో లాగడం మూడోది. శంకుస్థాపన ఫలకాల మీద మూడింటికీ ఒకటే పేరు: వ్యర్థాల నుంచి ఇంధనం. ఆ ఒక్క పేరు చాటున మూడు వేర్వేరు లెక్కలు, మూడు వేర్వేరు రాజకీయాలు నడుస్తుంటాయి.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. భూతాపాన్ని తగ్గించడమే లక్ష్యమైతే తడి చెత్తను పులియబెట్టడం మేలు. మండించే ప్లాంటుకూ చోటుంది, కానీ అది వరసలో చివరిది కావాలి. పాత గుట్టల నుంచి గ్యాసు లాగడం జరిగిపోయిన తప్పుకు చేసే చికిత్స మాత్రమే. విచిత్రం ఏమిటంటే, మన దగ్గర నిధులు, అనుమతులు, గ్యారంటీలు ఎక్కువగా దక్కించుకుంటున్నది చివర ఉండాల్సిన మండించే ప్లాంటే. అది ఎవరినీ పెద్దగా ఇబ్బంది పెట్టదు. ఇంటావిడను చెత్త వేరు చేయమని అడగదు, కార్పొరేటరును ఓటరు ముందు నిలబెట్టదు, కమిషనరుకు ఒకే టెండరు, ఒకే కాంట్రాక్టరు. సాంకేతికంగా ఏది గొప్పదన్న చర్చ చాలా జరిగింది. ఎవరికి ఏది సులువు అన్న చర్చే తక్కువ.

మీథేన్ ఎక్కడ పుడుతోంది?

వాతావరణం లెక్కతో మొదలుపెడదాం. గాలి తగలకుండా కుళ్లే అన్నం, కూరగాయల తొక్కలు, ఆకులు మీథేన్‌ను పుట్టిస్తాయి. వందేళ్ల లెక్కలో ఇది కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 27 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కలో దాదాపు 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. మనుషుల కార్యకలాపాల వల్ల విడుదలయ్యే మీథేన్‌లో అయిదో వంతు వ్యర్థాల నుంచే వస్తోందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2021లో లెక్కగట్టింది. ఆ ఏడాదే గ్లాస్గో సదస్సులో చాలా దేశాలు మీథేన్ తగ్గింపు ప్రతిజ్ఞ మీద సంతకం చేశాయి. భారత్ చేయలేదు. మన మీథేన్‌లో అధిక భాగం పశువుల నుంచి, వరి మడుల నుంచి వస్తుంది కాబట్టి ఆ జాగ్రత్త అర్థమయ్యేదే. అయితే రైతు జోలికి, పాడి జోలికి పోకుండా మీథేన్ తగ్గించగల చోటు ఒకటుంది. అదే చెత్త. అక్కడ కూడా కదలిక నెమ్మదిగా ఉండటానికి మాత్రం వ్యవసాయాన్ని సాకుగా చూపలేం.

మన చెత్తలో సగం, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువే, తడి చెత్త. ఇది మీథేన్ పుట్టించే భాగం. ప్లాస్టిక్ గుట్టలో పడి ఉన్నా మీథేన్ రాదు. మండిస్తే మాత్రం కిలో పాలిథిన్ నుంచి సుమారు 3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, ఎందుకంటే అది ముడిచమురు నుంచి పుట్టిన సరుకే. ఇప్పుడు మండించే ప్లాంటును చూడండి. దానికి వాతావరణ పుణ్యం తెచ్చిపెట్టేది తడి చెత్త, గుట్టకు పోకుండా ఆపింది కాబట్టి. కరెంటు తెచ్చిపెట్టేది ప్లాస్టిక్, బాగా మండుతుంది కాబట్టి. మొదటిదాన్ని అది సరిగా మండించలేదు. నీటిని ఆవిరి చేయడానికే వేడిలో చాలా భాగం ఖర్చయిపోతుంది. రెండోదాన్ని మండించడమంటే బొగ్గుకు బదులు చమురును మండించడమే. ఈ చిక్కుముడిని ప్రాజెక్టు నివేదికలు అంత స్పష్టంగా చెప్పవు. అక్కడ మొత్తం చెత్త ఒకటే ముద్ద, మొత్తం కరెంటు ఒకటే "హరిత ఇంధనం".

పులియబెట్టే ప్లాంటు తడి భాగాన్ని మాత్రమే తీసుకుంటుంది. గుట్టలో గాలిలో కలిసిపోవలసిన మీథేన్ ఇక్కడ ట్యాంకులో పుట్టి, గొట్టంలోకి పోయి, పొయ్యిలోనో బస్సులోనో మండుతుంది. మిగిలిన ముద్ద ఎరువవుతుంది. ఇందులోనూ లొసుగులున్నాయి. నిర్వహణ సరిగా లేక మూతల దగ్గర, వాల్వుల దగ్గర గ్యాసు కారుతుంటే ప్రయోజనంలో కొంత గాలికే పోతుంది. ట్యాంకు కట్టేశాం కదా అని చేతులు దులుపుకోవడానికి వీల్లేని వ్యవహారం.

కరెంటు యూనిట్లలో మాత్రం కొలిమిదే పైచేయి, ఆ సంగతి దాచడం ఎందుకు? ఢిల్లీ ఓఖ్లా ప్లాంటు రోజుకు దాదాపు 1,950 టన్నుల చెత్తకు 16 మెగావాట్ల సామర్థ్యంతో మొదలైంది. పూర్తి సామర్థ్యంతో నడిస్తే టన్నుకు సుమారు 200 యూనిట్లు. హైదరాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్లోని బయోగ్యాస్ ప్లాంటు రోజుకు 10 టన్నుల వ్యర్థాలతో 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల గ్యాసు ఇస్తుంది. టన్నుకు 50 యూనిట్లే. కానీ గ్రిడ్‌లోకి సౌర విద్యుత్తు పెరిగే కొద్దీ ఈ యూనిట్ల వల్ల ఆదా అయ్యే బొగ్గు తగ్గుతుంది. ఆపిన మీథేన్ విలువ తగ్గదు. పైగా ఇండోర్‌లోలాగా గ్యాసును కరెంటుగా మార్చకుండా నేరుగా వాహనాలకు వాడితే ఫలితం వేరు. అక్కడ 550 టన్నుల తడి చెత్తకు 17,000 కిలోల గ్యాసు వచ్చేలా ప్లాంటు కట్టారు. టన్నుకు 31 కిలోలు. సిటీ బస్సు సుమారు వంద కిలోమీటర్లు తిరగడానికి అది చాలు.

రెండూ ఓడిపోయాయి, ఒకే కారణంతో

ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో 1987లో డెన్మార్క్ సాంకేతికతతో ఒక ప్లాంటు కట్టారు. రోజుకు 300 టన్నులు మండించి 3.75 మెగావాట్లు తీయాలని. కిలోకు 1,460 కిలోకేలరీల పైచిలుకు వేడినిచ్చే చెత్త వస్తుందని రూపకల్పన చేశారు. వచ్చిన చెత్త అందులో సగం మాత్రమే ఇచ్చింది. ప్లాంటు 21 రోజులు నడిచి ఆగిపోయింది. డెన్మార్క్ జనం చెత్తబుట్టలో కాగితం, ప్యాకింగ్ ఎక్కువ. మన బుట్టలో అరటి తొక్క, పప్పు, దుమ్ము. ఇది ముందే తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు, ఒక వీధి చివర కుండీలోకి తొంగి చూస్తే చాలు.

పులియబెట్టే పద్ధతికీ ఇలాంటి చరిత్రే ఉంది. లక్నోలో 2003లో దాదాపు 80 కోట్ల ఖర్చుతో 5 మెగావాట్ల బయోగ్యాస్ విద్యుత్ ప్లాంటు మొదలైంది. రోజుకు 300 టన్నుల చెత్త కావాలి, అదీ మట్టి, రాళ్లు, ప్లాస్టిక్ లేనిది. కార్పొరేషన్ పంపింది కలగలిసిన చెత్త. ట్యాంకులో రాయి, ఇసుక అడుగున పేరుకుంటాయి. ప్లాస్టిక్ సంచులు తిరిగే యంత్రాలకు చుట్టుకుంటాయి. కొద్ది కాలానికే అదీ మూతపడింది.

మన దగ్గరి సంగతీ చెప్పుకోవాలి. షాద్‌నగర్ దగ్గర 6.6 మెగావాట్లు, విజయవాడలో 6 మెగావాట్ల ప్లాంట్లు 2003 ప్రాంతంలో వచ్చాయి. చెత్తను ఆరబెట్టి, ఇటుకల్లా చేసి మండించే పద్ధతి. చెత్త ఇటుకలతో పాటు ఊకలాంటి వ్యవసాయ వ్యర్థాలను కూడా కలిపేవారు. అప్పుడు అది చెత్త ప్లాంటా, ఊక ప్లాంటా అన్న ప్రశ్న వచ్చింది. చెత్త నిర్వహణ మీద సాగుతున్న ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2005లో ఇలాంటి ప్రాజెక్టులకు కేంద్ర సబ్సిడీలు ఆపేసింది. 2007లో అయిదు ప్రయోగాత్మక ప్రాజెక్టులకు మాత్రం అనుమతించింది. తెలుగు నేల మీది ఆ రెండు ప్లాంట్లు ఆ తర్వాత కోలుకోలేదు.

రెండు పద్ధతులనూ దెబ్బతీసింది కలిపేసిన చెత్తే. ఆ తర్వాత రెండూ వేర్వేరు దారుల్లో నడిచాయి. కదిలే పళ్లేల మీద తడి చెత్తను నెమ్మదిగా ఆరబెడుతూ మండించే కొలిమిలు వచ్చాయి, ప్యాకింగ్ ప్లాస్టిక్ పెరిగి చెత్తలో వేడి కూడా పెరిగింది. అంటే మన అలవాటు మారకుండానే కొలిమి సర్దుకుంది. ట్యాంకులో చెత్తను పులియబెట్టే సూక్ష్మజీవులు సర్దుకోలేవు. వాటికి రాళ్లూ ప్లాస్టిక్కూ లేని తిండి కావాల్సిందే. అలవాటు మార్చమని జనాన్ని అడగాల్సిన పద్ధతికి, అడగనక్కర్లేని పద్ధతికి మధ్య రాజకీయం దేన్ని ఎంచుకుంటుందో చెప్పనక్కర్లేదు.

తూకం కాటా చెప్పే నిజం

హైదరాబాద్‌ను కాస్త దగ్గర నుంచి చూద్దాం. 2015లో జీహెచ్‌ఎంసీ ఇంటికి రెండు చొప్పున 44 లక్షల బుట్టలు పంచింది. పచ్చది తడికి, నీలిది పొడికి. స్వచ్ఛ ఆటోలు వచ్చాయి. చాలా ఇళ్లలో ఆ బుట్టల్లో ఒకటి బియ్యానికో, బట్టలకో పోయింది. వేరు చేసిన ఇళ్లలో కూడా ఆటో దగ్గరికి వెళ్లాక రెండూ ఒకే తొట్టెలో పడటం చూసి విసుగొచ్చి మానేసినవారున్నారు. ఆటో మీద ఉన్న కుటుంబం దారిలోనే అట్టపెట్టెలు, సీసాలు, గట్టి ప్లాస్టిక్ ఏరి సంచుల్లో కడుతుంది. అది వారి రాబడిలో ముఖ్యమైన భాగం. చెత్తను ఆటోల నుంచి లారీల్లోకి మార్చే ట్రాన్స్‌ఫర్ స్టేషనుకు చేరేసరికి మిగిలేది తడి ముద్ద, పలచటి కవర్లు, శానిటరీ ప్యాడ్లు, డైపర్లు, ఊడ్చిన దుమ్ము, వేసవిలో అయితే కొబ్బరి బోండాల పెంకులు.

ఆ లారీ ప్లాంటు గేటు దగ్గర కాటా ఎక్కుతుంది. కాంట్రాక్టరుకు టన్నుకు ఇంత అని చెల్లింపు. ఇక్కడే అసలు మెలిక ఉంది. నీరు బరువే, ఇసుక బరువే, కాలువలో తీసిన మట్టి బరువే. ఇంటి దగ్గరే కంపోస్టు చేస్తే కాటా మీద బరువు తగ్గుతుంది, అంటే రాబడి తగ్గుతుంది. వేరు చేయడం వల్ల ఎవరికీ రూపాయి రాని విధంగా ఒప్పందం రాసుకుని, ఆనక జనంలో చైతన్యం లేదని నిట్టూర్చడం మనకు అలవాటు. చైతన్యం కన్నా ముందు ఒప్పందంలోని చెల్లింపు నిబంధన మారాలి.

కాటా దిగిన చెత్త పెద్ద గుంతలోకి పోతుంది. అక్కడ కొన్ని రోజులు నానబెట్టినట్టు ఉంచితే నల్లటి మురుగు రసం కిందికి దిగుతుంది. పైనుంచి క్రేను పంజా దాన్ని కలియబెడుతూ, కాస్త ఆరినదాన్ని కొలిమి నోట్లో వేస్తుంది. లోపల పొగ 850 డిగ్రీలకు తగ్గకుండా కనీసం రెండు సెకన్లు ఉంటేనే డయాక్సిన్ల వంటి విషాలు విరిగిపోతాయి. వానాకాలంలో తడి పెరిగినప్పుడు ఆ వేడి నిలబెట్టడమే ఆపరేటరుకు తలనొప్పి. ధూళి, వాయువుల అంకెలు తెరమీద నిరంతరం కనిపిస్తాయి. డయాక్సిన్లు అలా కనిపించవు, అప్పుడప్పుడు నమూనా తీసి పరీక్షించాల్సిందే. చుట్టుపక్కల జనం అనుమానం పుట్టేది ఈ "అప్పుడప్పుడు" దగ్గరే. చివరికి కొలిమి అడుగున మిగిలే బూడిదకు మళ్లీ ఒక స్థలం వెతకాలి.

హైదరాబాద్ చెత్త ఒప్పందం 2009లో, ఇరవై అయిదేళ్లకు కుదిరింది. నగరం చెత్త గుట్ట ఉన్న జవహర్‌నగర్‌లో 19.8 మెగావాట్ల కరెంటు ప్లాంటు నడవడం మొదలైంది 2020లో. మధ్యలో పదకొండేళ్లు. కోర్టు కేసులు, స్థానికుల ఆందోళనలు, కరెంటు ధర మీద బేరాలు, అనుమతులు. ఆ పదకొండేళ్లూ గుట్ట పెరుగుతూనే ఉంది, మీథేన్ పుడుతూనే ఉంది. భారీ ప్లాంటు వస్తోంది కదా అన్న భరోసాతో చిన్న పరిష్కారాలను పక్కన పెట్టడం ఇలాంటి ప్రాజెక్టులు చేసే అతి పెద్ద నష్టం. ఇది ఏ ఉద్గారాల లెక్కలోనూ కనిపించదు.

ఎవరు కొంటారు?

కొలిమికి దొరికిన గొప్ప అండ కొనుగోలుదారు. 2016 జనవరిలో సవరించిన జాతీయ విద్యుత్ ధరల విధానం ప్రకారం రాష్ట్రంలోని చెత్త ప్లాంట్ల కరెంటు మొత్తాన్నీ పంపిణీ సంస్థలు కొని తీరాలి. కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 2015లో నేరుగా మండించే ప్లాంట్లకు యూనిట్‌కు 7.04 రూపాయలు, చెత్తను ఇంధనంగా శుద్ధి చేసి మండించేవాటికి 7.90 రూపాయలు నిర్ణయించింది. రెండేళ్లు తిరగకముందే రాజస్థాన్‌లోని భడ్లాలో సౌర విద్యుత్తు 2.44 రూపాయలకు టెండరు పాడారు. తేడా ఎవరు భరిస్తున్నారు? కరెంటు బిల్లు కట్టేవారు. చెత్త నిర్వహణ ఖర్చును చెత్త పన్నుగా అడిగే ధైర్యం లేక కరెంటు బిల్లులో దాచిపెట్టడమన్నమాట. ఒక రకంగా తెలివైన ఏర్పాటే, ఓటరుకు కనిపించదు. కానీ అప్పుల్లో ఉన్న పంపిణీ సంస్థ ఇంత ఖరీదైన కరెంటును సంతోషంగా కొనదు, చెల్లింపులు సాగదీస్తుంది. అప్పుడు ప్లాంటు యజమాని బ్యాంకు వాయిదాలకు ఇబ్బంది పడతాడు, నిర్వహణలో కోత పెడతాడు.

గ్యాసుకు ఇంత సూటి మార్కెట్ లేదు. కేంద్రం 2018 అక్టోబర్ 1న "సతత్" పథకం ప్రకటించింది, 2023 నాటికి 5,000 కంప్రెస్డ్ బయోగ్యాస్ (శుద్ధి చేసి, ఒత్తిడితో నింపి వాహనాలకు వాడే గ్యాసు) ప్లాంట్లు లక్ష్యంగా. చమురు సంస్థలు మొదట కిలోకు 46 రూపాయలు, 2022 నుంచి 54 రూపాయలు ఇస్తామన్నాయి. గడువు ముగిసేనాటికి నడుస్తున్నవి లక్ష్యంలో చాలా చిన్న వంతు. కారణం దస్త్రాల్లోనే దొరుకుతుంది. చెత్త పట్టణాభివృద్ధి శాఖది. గ్యాసు పెట్రోలియం శాఖది. మొదట్లో ఇచ్చే ఆర్థిక సాయం పునరుత్పాదక ఇంధన శాఖది. మిగిలిన ఎరువు ఎరువుల శాఖది, నాణ్యత నిబంధనలు వ్యవసాయ శాఖవి. కొలిమికి ప్రధానంగా కాలుష్య మండలి, విద్యుత్ మండలి. పులియబెట్టే ట్యాంకు అయిదు గుమ్మాలు ఎక్కాలి. పైగా ఎరువు అమ్ముడుపోవాలి. టన్నుకు 1,500 రూపాయల ప్రోత్సాహం ప్రకటించినా, పట్టణ చెత్త ఎరువులో గాజు ముక్కలుంటాయేమో అన్న భయం రైతుకు ఉంది. అది అన్యాయమైన భయం కాదు. చెత్త సరిగా వేరు కాని చోట ఎరువులోనూ గాజు ఉంటుంది మరి.

రెండు గాంధీ జయంతులు

ఆంధ్రప్రదేశ్ కథ ఈ వ్యవహారంలో రాజకీయం ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఒక పాఠ్యపుస్తకంలాంటిది. రాష్ట్ర విభజన తర్వాత అక్కడి ప్రభుత్వం పది చోట్ల చెత్త నుంచి కరెంటు ప్లాంట్లు అనుకుంది. నిలబడినవి రెండే. కొండవీడు సమీపంలో యడ్లపాడు దగ్గర 20 మెగావాట్లది, విశాఖ కాపులుప్పాడలో 15 మెగావాట్లది. మిగతా ఊళ్లలో ప్లాంటు వస్తుందన్న మాట మిగిలింది, డంపింగ్ యార్డులు పెరిగాయి.

తర్వాతి ప్రభుత్వం 2021 అక్టోబర్ 2న క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమం మొదలుపెట్టింది. ఇంటింటికీ మూడు రంగుల బుట్టలు, కొత్త వాహనాలు, దాంతో పాటు నెలవారీ వినియోగ రుసుము. జనం నోట అది "చెత్త పన్ను" అయింది. వసూలు పద్ధతి కూడా ఆ పేరును సార్థకం చేసింది. కట్టని దుకాణాల ముందు చెత్త పోసిన సంఘటనలు, పింఛను డబ్బుల్లో పట్టుకుంటారన్న భయాలు వార్తలకెక్కాయి. 2024 ఎన్నికల్లో అది ఒక నినాదం. ప్రభుత్వం మారాక 2024 అక్టోబర్ 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు చెత్త పన్ను రద్దు ప్రకటించారు. అదే వేదిక మీద రాష్ట్రంలో పేరుకుపోయిన 85 లక్షల టన్నుల పాత చెత్త గురించీ మాట్లాడారు. పెట్టిందీ గాంధీ జయంతి నాడే, తీసిందీ గాంధీ జయంతి నాడే.

ఇందులో ఒక పార్టీని తప్పుపట్టి ప్రయోజనం లేదు. ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు 2016లోనే వినియోగ రుసుము వసూలు చేయాలని చెప్పాయి. వసూలు చేసినవారు సేవ మెరుగుపడిందని జనాన్ని నమ్మించలేకపోయారు, రద్దు చేసినవారు ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పలేదు. ఈ రెండు తేదీల మధ్య దెబ్బతిన్నది వేరు చేసే అలవాటు. రుసుముతో పాటు బుట్టల మీద కూడా జనానికి కోపం వచ్చింది. పులియబెట్టే ప్లాంటుకు కావలసిన ఒకే ఒక్క ముడిసరుకు, ఇంట్లో వేరైన తడి చెత్త, ఎన్నికల నినాదానికి బలైపోయింది. కొలిమికి మాత్రం ఏ నష్టమూ లేదు. పన్ను ఉన్నా లేకున్నా దానికి కలిపిన చెత్త అందుతూనే ఉంటుంది.

ఇండోర్ దీనికి పూర్తిగా ఎదురు క్రమంలో నడిచింది. అక్కడ ముందు 2016, 2017 ప్రాంతంలో ఇంటింటి సేకరణ, వేరు చేయడం గట్టిగా అలవాటు చేశారు. రుసుమూ వసూలు చేశారు. ప్లాంటు 2022 ఫిబ్రవరిలో వచ్చింది. 150 కోట్ల పెట్టుబడి ప్రైవేటు సంస్థది. కార్పొరేషన్ టన్నుకు ఇంత అని చెల్లించడం లేదు, ఆ సంస్థే కార్పొరేషన్‌కు ఏడాదికి 2.5 కోట్లు చెల్లిస్తుంది. తయారైన గ్యాసులో సగాన్ని కార్పొరేషన్ తన బస్సులకు మార్కెట్ ధర కన్నా అయిదు రూపాయలు తక్కువకు కొనేలా ఒప్పందం. కొనేవాడు ఊళ్లోనే ఉన్నాడు కాబట్టి పైన చెప్పిన అయిదు గుమ్మాల్లో రెండు మూడు తప్పాయి. ఇండోర్‌ను ఆకాశానికెత్తడం నాకు ఇష్టం లేదు. ప్రతి ఊరూ ఇండోర్ కాలేదు. కానీ లక్నోలో ప్లాంటు ముందు వచ్చి చెత్త రాలేదు, ఇండోర్‌లో చెత్త ముందు వచ్చి ప్లాంటు తర్వాత వచ్చింది. ఇంతకన్నా స్పష్టమైన పోలిక నాకు దొరకలేదు.

వద్దనేవారి మాట

కొలిమి ఎక్కడ కట్టినా పక్కవారు వద్దంటారు. ఓఖ్లాలో కాలనీవాసులు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో ప్లాంటుకు 25 లక్షల జరిమానా వేసి, నడపడానికి అనుమతించింది. ఆ ప్రాజెక్టు 2007లోనే ఉద్గారాలు తగ్గించినందుకు అమ్ముకోదగ్గ క్రెడిట్లు ఇచ్చే ఐక్యరాజ్యసమితి కార్బన్ క్రెడిట్ల పథకంలో నమోదైంది. వాతావరణానికి మేలు చేసే ప్రాజెక్టని ప్రపంచం ముద్ర వేసింది, పొగ మాకెందుకని పక్క వీధి అడిగింది. చెత్త ఏరుకుని బతికేవారు మరో ప్రశ్న అడిగారు: మేం ఏరి అమ్మే సరుకునే మీరు మండిస్తారా? పుణెలో 2008 నుంచి చెత్త ఏరేవారి సహకార సంఘమే ఇంటింటి సేకరణ చేస్తోంది. అక్కడ వారు శత్రువులు కాలేదు, సేకరణ వ్యవస్థలో భాగమయ్యారు. కొలిమి ఒప్పందాల్లో ఈ మనుషులకు సాధారణంగా ఒక వాక్యం కూడా ఉండదు.

అలాగని వద్దనడమే పరిష్కారం కాదు. కొచ్చిలోని బ్రహ్మపురం గుట్ట 2023 మార్చిలో అంటుకుని దాదాపు రెండు వారాలు పొగ కక్కింది. ట్రిబ్యునల్ కార్పొరేషన్‌కు 100 కోట్ల జరిమానా వేసింది. ఏ ప్లాంటూ సమయానికి రాకపోతే గుట్టే కొలిమి అవుతుంది, చిమ్నీ లేని, వడపోత లేని కొలిమి. ప్రాజెక్టును అడ్డుకున్నవారూ ఆలస్యం చేసినవారూ కూడా ఈ పొగకు జవాబు చెప్పాలి.

మూడో దారి గురించి రెండు మాటలు చాలు. జవహర్‌నగర్‌లో కోటి టన్నులకు పైగా పాత చెత్తకు మూత వేసి, లోపలి వాయువును తీసి ఇంధనంగా మారుస్తున్నారు. పాత గుట్టకు అది సరైన పనే. కొత్త చెత్తను గుట్టగా వేసి తర్వాత గ్యాసు లాగుదాం అనుకోవడం మాత్రం తప్పు లెక్క, ఎందుకంటే మూత పడేలోపే చాలా మీథేన్ గాలిలో కలిసిపోతుంది.

ఏ ఊరికి ఏది?

హైదరాబాద్ అంత నగరంలో కొలిమి లేకుండా గడవదని ఒప్పుకుంటాను. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, పొరలు పొరలుగా అతికించిన చిప్స్ ప్యాకెట్లు, చిరిగిన చెప్పులు ఏ ట్యాంకులోనూ పులియవు, ఎవరూ కొనరు. వాటికి కొలిమి కావాలి, ఆ మేరకే. సమస్య సైజులో ఉంది. కోపెన్‌హాగెన్ తన అవసరానికి మించిన కొలిమి కట్టుకుని బయటి దేశాల చెత్త తెచ్చుకుంది. డెన్మార్క్ ప్రభుత్వం 2020లో దేశంలో మండించే సామర్థ్యాన్ని 30 శాతం తగ్గించాలని నిర్ణయించింది. ఆ డెన్మార్కే 1987లో మనకు కొలిమి ఇచ్చింది. ఇరవై అయిదేళ్లకు ఇన్ని టన్నులు ఇస్తామని రాసిచ్చిన నగరం ఆ ఇరవై అయిదేళ్లూ చెత్త తగ్గించుకోలేదు.

కొన్ని లక్షల జనాభా ఉన్న పట్టణాలకు, నిజామాబాద్, కర్నూలు, రాజమహేంద్రవరం లాంటి వాటికి, కొలిమి అసలు పొసగదు. పొగ వడపోత ఖర్చు చిన్న ప్లాంటుకు గిట్టదు, కాబట్టి చుట్టుపక్కల పది ఊళ్ల చెత్తను లారీల్లో మోయాలి. అంటే ఊరూరా తడి చెత్తలోని నీటిని డీజిలు పోసి ఊరేగించడమే. వీటికి పులియబెట్టడం, కంపోస్టు చేయడం మేలు.

ఓటరుకు కోపం రాకుండా మొదలుపెట్టే చోటూ ఉంది. బోయినపల్లి మార్కెట్లో రాత్రి లారీలు దించాక తెల్లారేసరికి కాలీఫ్లవర్ ఆకులు, కుళ్లిన టమాటాలు, ముదిరిన బెండకాయలు కుప్పలుగా మిగులుతాయి. అవి కన్వేయరు ఎక్కి, ముక్కలై, గుజ్జయి, ట్యాంకులోకి పోతాయి. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ రూపొందించిన పద్ధతి. మార్కెట్ వీధి దీపాలు, దుకాణాలు, నీటి పంపులు ఆ కరెంటుతో, క్యాంటీన్ పొయ్యి ఆ గ్యాసుతో నడుస్తాయి. 2021 జనవరిలో ప్రధాని తన రేడియో ప్రసంగంలో దీన్ని ప్రస్తావించారు. ఇక్కడ వేరు చేయమని ఎవరినీ బతిమాలనక్కర్లేదు, చెత్త పుట్టుకతోనే తడిది. రైతుబజార్లు, చేపల మార్కెట్లు, కల్యాణ మండపాలు, హాస్టళ్లు, పెద్ద హోటళ్లు అన్నీ ఇలాంటివే. రోజుకు వంద కిలోలకు పైగా చెత్త పుట్టించేవారు తమ తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే శుద్ధి చేయాలని 2016 నిబంధనలే చెప్పాయి. ఈ ఒక్క నిబంధనను గట్టిగా అమలు చేయడానికి చెత్త పన్ను అక్కర్లేదు, ఎన్నికల భయమూ అక్కర్లేదు. కావలసింది హోటళ్ల సంఘాన్ని, ఫంక్షన్ హాళ్ల యజమానులను ఎదుర్కొనే కమిషనరు, ఆయన్ను మూడు నెలలకే బదిలీ చేయని ప్రభుత్వం.

మీ పట్టణంలో చెత్త ప్లాంటు టెండరు వస్తే కౌన్సిల్ సమావేశంలో అడగాల్సిన విషయాలు కొన్ని ఉన్నాయి. కనీసం ఇన్ని టన్నులు ఇవ్వాలన్న హామీ నిబంధన ఒప్పందంలో ఉందా, ఇవ్వకపోతే జరిమానా ఎవరు కట్టాలి? చెల్లింపు కాటా బరువు మీదా, వేరై వచ్చిన చెత్త నాణ్యత మీదా? బూడిద ఎక్కడికి పోతుంది? డయాక్సిన్ పరీక్షా ఫలితాలు ఎన్నాళ్లకోసారి, ఎక్కడ జనానికి చూపిస్తారు? తయారైన గ్యాసునో కరెంటునో కొనేది ఎవరు, ఏ ధరకు, ఎన్నేళ్లకు? మొదటి ప్రశ్నకే "ఉంది, జరిమానా మున్సిపాలిటీది" అని జవాబొస్తే, ఆ నిబంధన తీసేసేదాకా ఆ దస్త్రాన్ని ముందుకు కదలనివ్వకూడదు.